చిరిగిన బట్టకు కాలనీలో ఒక పూట: సూదీ దారం పట్టించే సమగ్ర మార్గదర్శి

గుండీ ఊడిన చొక్కా పట్టుకుని టైలర్ దగ్గరకు వెళ్తే "అక్కడ పెట్టి వెళ్ళండి" అంటాడు. రెండు వారాల తర్వాత వెళ్ళినా అది పెట్టినచోటే ఉంటుంది. తప్పు అతనిది కాదు. ఐదు నిమిషాల పని కోసం మిషన్ మీదున్న జాకెట్టు తీసి, దారం మార్చి, మళ్ళీ ఎక్కించుకోవడం అతనికి గిట్టుబాటు కాదు. రఫ్ఫు (చిల్లిని దారంతో నేసి పూడ్చడం) చేసేవాళ్ళను వెతుక్కోవాల్సిన రోజులొచ్చాయి. ఆ చొక్కా బీరువా అడుక్కి చేరి, కొన్నాళ్ళకు బండి తుడిచే గుడ్డ అవుతుంది. అదే కాలనీలో హుక్కులు, కాజాలు కుట్టగలిగినవాళ్ళు, బొంత కుట్టిన చేతులున్నవాళ్ళు నలుగురైదుగురు తప్పకుండా ఉంటారు. ఆ చేతులనూ ఈ బట్టలనూ ఒక ఆదివారం పూట ఒకచోటికి తేవడానికి ఏమేం కావాలో, ఏ పని ఎక్కడ చెడుతుందో ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

ముందు తేల్చుకోవాల్సింది: సూది ఎవరి చేతిలో ఉంటుంది

వచ్చినవాళ్ళ బట్టలు కుట్టి ఇస్తారా, కుట్టడం నేర్పుతారా? రెండూ చేస్తామంటే రెండూ చెడతాయి. కుట్టి ఇస్తామన్నారంటే పది గంటలకల్లా బల్ల మీద నలభై బట్టల గుట్ట పడుతుంది. కుట్టేవాళ్ళు తల ఎత్తరు, తెచ్చినవాళ్ళు మధ్యాహ్నం వచ్చి తీసుకుంటామని వెళ్ళిపోతారు. 2009 అక్టోబరు 18న ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టీన్ పోస్ట్‌మా మొదలుపెట్టిన, పాడైన ఇంటి సామాన్లు బాగుచేసుకునే రిపేర్ కేఫేలలో వస్తువు తెచ్చినవారు బాగుచేసేవారి పక్కనే కూర్చుంటారు. బట్టల విషయంలో మనం ఇంకొక అడుగు ముందుకు వేయవచ్చు. మిక్సీ విప్పడం అందరికీ చేతకాదు గానీ గుండీ కుట్టడం ఎవరికైనా వస్తుంది. కాబట్టి ఒకటే నియమం: బట్ట ఎవరిదో సూది వాళ్ళ చేతిలోనే ఉండాలి. నేర్పేవాళ్ళు తమ దగ్గరున్న వేరే ముక్క మీద చూపించాలి తప్ప, "ఇలా ఇవ్వమ్మా, నేను చేస్తా" అని లాక్కోకూడదు. బాగా వచ్చినవాళ్ళకు ఈ నియమం పాటించడమే కష్టం. వంకర కుట్టు చూస్తే వాళ్ళ చెయ్యి ఊరుకోదు.

ఎప్పుడు, ఎంతమందికి

జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు కాబట్టి జూన్ మొదటి ఆదివారం మంచి రోజు. యూనిఫాం మడతలు విప్పి పొడవు పెంచడం, నిక్కరు కుట్లు, జిప్పులు అన్నీ అప్పుడే బయటికొస్తాయి. రెండోది, 2015 నుంచి జాతీయ చేనేత దినంగా జరుపుతున్న ఆగస్టు 7కి దగ్గరలోని ఆదివారం. అప్పుడు చీరలు ఎక్కువగా వస్తాయి.

సమయం ఉదయం 9:30 నుంచి 12:50 వరకు, గంట చొప్పున మూడు విడతలు, మధ్యలో పదేసి నిమిషాలు. నేర్పేవారు ఒకరు నాలుగు జతల చేతులను గమనించగలరు, ఐదో మనిషి వస్తే మొదటి మనిషి దారం చిక్కుపడుతుంది. గుండీల బల్లకు నాలుగు కుర్చీలు, మాసికలు-రఫ్ఫు బల్లకు నాలుగు, రెండు కుట్టు మిషన్లకు రెండు, పాత బట్టలతో కొత్తవి చేసే బల్లకు ఆరు. విడతకు 16 మంది, మూడు విడతలకు 48. నేర్పడానికి ఐదుగురు కావాలి (చివరి బల్లకు ఇద్దరు), గుమ్మం దగ్గర ఒకరు, ఇస్త్రీ దగ్గర ఒకరు. ముందుగా పేర్లు రాయించుకోండి, విడతకు ఒక్కొక్కరు ఒకే బట్ట తేవాలని చెప్పండి.

వీధి చివరి టైలర్‌ను మర్చిపోవద్దు. ఒక పూట కూలి ఇచ్చి మిషన్ బల్ల దగ్గర కూర్చోబెట్టండి. ప్యాంటు జిప్పు మొత్తం మార్చడం, చుడీదార్ సైజు తగ్గించడం లాంటి పనులు గంటలో తేలవు కాబట్టి అక్కడే అతనికి అప్పగించవచ్చు. అతని పొట్ట కొట్టే కార్యక్రమం కాదిదని అందరికంటే ముందు అతనికి తెలియాలి.

తెచ్చిపెట్టుకోవాల్సినవి

చేతి సూదులు 60, 7 నుంచి 9 నంబర్ల మధ్యవి (నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది). మిషన్ సూదులు 11, 14, 16 నంబర్లవి తలా ఐదు. దారం రీళ్ళు తెలుపు, నలుపు, నేవీ బ్లూ, ఖాకీ, బూడిద, మెరూన్ రంగుల్లో రెండేసి. రఫ్ఫుకు ఆరు పోగుల ఎంబ్రాయిడరీ దారం పదిహేను రంగులు. గుండుసూదులు 200, టేపులు నాలుగు, మార్కింగ్ చాక్, అంగుస్తానాలు (సూది గుచ్చుకోకుండా వేలికి తొడిగేవి) ఆరు, కుట్లు విప్పే రిప్పర్లు నాలుగు, సూదిలో దారం ఎక్కించే రేకు సాధనాలు ఆరు. హుక్కుల అట్టలు, రకరకాల చొక్కా గుండీలు, లంగా బొందులు. గుడ్డలు కోసే కత్తెరలు నాలుగు. వాటికి ఎర్ర దారం కట్టి పెట్టండి, ఆ కత్తెరతో కాగితం కోయనివ్వద్దు. కాగితం కోసిన కత్తెర జార్జెట్‌ను కొరుకుతుంది తప్ప కోయదు. ఇస్త్రీ పెట్టె, తడిపి పిండిన తెల్ల గుడ్డ, నాలుగు స్టీలు గ్లాసులు, ఒక అయస్కాంతం. గ్లాసులు మంచినీళ్ళకు కాదు, రఫ్ఫుకు.

వెలుతురు సంగతి చాలామంది చివర్లో చూసుకుంటారు. నల్ల ప్యాంటు మీద నల్ల దారంతో కుట్టేవారికి తలపైనున్న ట్యూబ్‌లైటు చాలదు. ఆ బల్ల కిటికీ పక్కన వేయండి. చత్వారం వచ్చినవాళ్ళు కళ్ళజోడు మర్చిపోకుండా ముందురోజే గుర్తుచేయండి.

గుమ్మం దగ్గర: ఏది కుట్టాలి, ఏది కుట్టకూడదు

ఈ కుర్చీలో కూర్చునే మనిషికి బట్ట తెలియాలి. ఉతికిన బట్టలే తీసుకోవాలి. చెమట, నూనె ఉన్న బట్టలో సూది జారదు, ఇస్త్రీ పెడితే మరక ముదురుతుంది. తర్వాత చిరుగుకు ఒక అంగుళం దూరంలో బట్టను రెండు బొటనవేళ్ళతో పట్టుకుని మెల్లగా లాగి చూడండి. చిటపటమని పోగులు తెగిన చప్పుడొస్తే అక్కడ ఏం కుట్టినా నిలవదు. చప్పుడు లేకుంటే వెలుతురుకెత్తి చూడండి. చిరుగు చుట్టూ బట్ట జల్లెడలా కనబడిన మేరంతా మాసికకు లెక్కలోకి వస్తుంది. అర అంగుళం చిరుగుకు నాలుగంగుళాల మాసిక పడటం మామూలే.

చిరుగు చిన్నదై బట్ట గట్టిగా ఉంటే మొదటి మూడు బల్లల్లో ఒకదానికి పంపండి. బట్ట చాలాచోట్ల పలచబడితే చివరి బల్లకు, అక్కడ సంచి గానీ బొంత ముక్క గానీ అవుతుంది. తోలు, సాగిపోయిన ఎలాస్టిక్ లోదుస్తులు, మడతల దగ్గర పిగిలిన పట్టుచీరలు వెనక్కి. పట్టుచీరను ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉంచితే ఆ గీత మీద పోగు చచ్చుబడుతుంది, జరీ బరువు తోడై అక్కడే చీలుతుంది. దానికి రఫ్ఫు పెడితే సూది గుచ్చిన ప్రతిచోటా మరో చీలిక వస్తుంది. అమ్మమ్మ పెళ్ళిచీర అని ఎంత బతిమాలినా ఆ రోజు దాన్ని ముట్టుకోకండి.

నేర్పే తీరు

ఎదురుగా కూర్చుని చూపిస్తే నేర్చుకునేవారికి కుడి ఎడమలు తిరగబడతాయి. కుడిచేతి వాటం వారికి పక్కన కూర్చుని చూపించండి. ఎడమచేతి వాటం వారికి మాత్రం ఎదురుగా కూర్చోండి, అద్దంలో చూసినట్టు సరిగ్గా అందుతుంది. చూపించే ముక్క గోనె గుడ్డో ముతక ఖద్దరో అయి, దారం లావుగా, వేరే రంగులో ఉంటే కుట్టు నడక కనిపిస్తుంది.

దారం మూరెడు చాలు. మళ్ళీ మళ్ళీ ఎక్కించే బాధ ఎందుకని రెండు మూరలు తీసేవారి దారం మూడో కుట్టుకే మెలిపడి ముడేసుకుంటుంది. మెలిపడితే సూదిని కిందికి వేలాడదీసి వదలండి, దానంతట అదే తిరిగి మెలి విడిపోతుంది.

పెద్దవాళ్ళు "నాకేం వచ్చని నేర్పను" అంటారు. ఇరవై బొంతలు కుట్టినావిడ కూడా అలాగే అంటుంది. నేర్పమని అడగొద్దు, "కాస్త వచ్చి కూర్చోండి పిన్నిగారూ" అని పిలిచి చేతికి సూదిచ్చి చూడండి.

గుండీలు, హుక్కులు

గుండీ ఊడటానికి ముఖ్య కారణం బట్టకు అంటించి బిగించి కుట్టడం. గుండీకీ బట్టకూ మధ్య కాజా గుడ్డ మందం పట్టేంత ఖాళీ ఉండాలి. గుండీ మీద ఒక అగ్గిపుల్ల పెట్టి, దాని మీదుగా దారం తిప్పుతూ ఒక్కో జత కన్నాలకు మూడు నాలుగు కుట్లు వేయండి. పుల్ల తీసేసి గుండీని పైకి లాగితే కింద దారాల కాడ కనిపిస్తుంది. ఆ కాడకు దారం నాలుగైదు చుట్లు చుట్టి వెనక్కి దించి, రెండు చిన్న కుట్లతో ముడేయండి. గుండీతో పాటు బట్ట కూడా చిరిగొచ్చి ఉంటే వెనకవైపు ముప్పావు అంగుళం చదరపు గుడ్డ పెట్టి, దాన్ని కూడా కలిపి కుట్టాలి.

జాకెట్టు హుక్కుకు వెనకున్న రెండు గుండ్రాలను మాత్రమే కుట్టి వదిలేస్తారు. అప్పుడు హుక్కు ముక్కు పైకి లేచి ఊరికే ఊడుతుంటుంది. ముక్కు కింద, వంపు దగ్గర కూడా రెండు మూడు కుట్లు పడాలి. ఎదురు కాజాకు అర అంగుళంలోపు వెడల్పున మూడు నాలుగు దారాలు వదులుగా వేసి, వాటి మీద కాజా కుట్టు దగ్గర దగ్గరగా వేయండి.

మాసిక

మాసిక గుడ్డ అసలు బట్ట కంటే మందంగా, కొత్తగా ఉండకూడదు. అత్యాశకు పోయి పాత నూలు చొక్కాకు కొత్త గట్టి గుడ్డ వేస్తే నాలుగు ఉతుకుల్లో మాసిక అంచు వెంబడే చొక్కా చిరుగుతుంది. బలం తక్కువైన చోటికి లాగుడంతా చేరడమే కారణం. కొత్త గుడ్డే దొరికితే ఒకసారి తడిపి ఆరేసి వాడండి, లేకపోతే ఉతికాక అది ముడుచుకుని చుట్టూ బట్టను గుంజుతుంది.

పలచబడిన మేర కంటే అన్ని వైపులా ముప్పావు అంగుళం ఎక్కువగా ముక్క కోయండి. ముక్క పడుగు (నేతలో నిలువు పోగులు) బట్ట పడుగుతోనే నడవాలి. ఏది పడుగో తెలియకపోతే రెండు వైపులా లాగి చూడండి, సాధారణంగా తక్కువ సాగేది పడుగు. మూలలు గుండ్రంగా కోస్తే లేవవు. అంచులు పావు అంగుళం లోపలికి మడిచి ఇస్త్రీ చేసి, బట్ట లోపలివైపు పెట్టి, ముందు టాకా (తర్వాత విప్పేసే పొడవాటి వదులు కుట్టు) వేయండి. టాకా వేయకుండా గుండుసూదులతో సరిపెడితే చివరికి వచ్చేసరికి ముక్క పక్కకు జరిగిపోతుంది. తర్వాత చుట్టూ సన్న కుట్లు, మధ్యలో పావు అంగుళం ఎడంతో వరసలుగా పరుగు కుట్టు (సూదిని పైకీ కిందికీ దూరుస్తూ ముందుకు సాగే సాదా కుట్టు). దారం లాగి బిగించకూడదు, బట్ట బల్ల మీద చదునుగా పడుకోవాలి.

మేకుకు తగిలి మూలగా చిరిగినదానికీ ఇదే పద్ధతి. చిరిగిన అంచులను ఒకదానికొకటి తాకేలా చేర్చి, కింద గుడ్డ పెట్టి, చిరుగును అడ్డంగా దాటే వరసలు వేయాలి. అంచులను కలిపి పట్టి కుట్టేస్తే మాత్రం అక్కడ గట్టి ముడత పడుతుంది.

జీన్స్ తొడల దగ్గర అరిగితే గుడ్డను రెండు తొడలకూ ఒకేసారి వేయండి. ఒకవైపే వేస్తే రెండోవైపు నెలలోపు తయారవుతుంది.

రఫ్ఫు

ఉత్తరప్రదేశ్‌లోని నజీబాబాద్ రఫూగర్లు కాశ్మీరీ శాలువాకు చేసే రఫ్ఫు ఎక్కడుందో వెతికినా కనబడదు. ఈ బల్ల మీద జరిగేది అది కాదు, ముందే చెప్పేయండి. ఇక్కడ బొటనవేలి గోరంత చిల్లికి, దగ్గరి నుంచి చూస్తే తెలిసే నేత నేర్పుతాం. ఆ మాత్రానికే నలభై నిమిషాలు పడుతుంది.

స్టీలు గ్లాసు బోర్లించి దాని అడుగు మీద చిల్లిని పరచి, చుట్టూ రబ్బరు బ్యాండు వేయండి. చిల్లి అంచులు నీటుగా కత్తిరించాలనిపిస్తుంది, వద్దు. ఆ వేలాడే పోగులే కొత్త దారానికి పట్టు. దారం కుదిరితే ఆ బట్టలోంచే తీయండి, లోపలి మడత విప్పితే నాలుగైదు పోగులు దొరుకుతాయి. లేదంటే ఎంబ్రాయిడరీ దారంలో ఒకే పోగు. ముడి వేయకుండా, చిల్లికి అర అంగుళం ఇవతల గట్టి బట్టలో మొదలుపెట్టి, చిల్లి మీదుగా సాగి, అవతల అర అంగుళం దాటి వెనక్కి తిరగండి. తిరిగే ప్రతిచోటా చిన్న ఉంగరంలా దారం వదులు ఉంచాలి. ఉతికితే దారం ముడుచుకుంటుంది, ఆ వదులు లేకపోతే రఫ్ఫు చుట్టూ బట్ట పొక్కులా లేస్తుంది. పడుగు నిండాక అడ్డంగా పేక: ఒక పోగు మీదుగా, ఒకటి కిందుగా. తర్వాతి వరసలో తారుమారు. ప్రతి వరసనూ సూది మొనతో ముందు వరస మీదికి నెట్టుతూ పోతే నేత గట్టిపడుతుంది.

టీషర్టు లాంటి అల్లిక బట్టకు ఈ నేత సరిపడదు, అది సాగితే ఇది సాగదు. దానికి వెనక మరో టీషర్టు ముక్క పెట్టి మాసిక వేయండి.

మిషన్ బల్ల

ఇక్కడ వచ్చే ఇబ్బందుల్లో సగం దారం ఎక్కించడంలోనే ఉంటాయి. మిషన్ పాదం (బట్టను నొక్కిపట్టే భాగం) పైకి లేపి ఎక్కించాలి, దించి ఎక్కిస్తే దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్ళల మధ్యకు దారం దిగదు, కిందివైపు ఉచ్చులు ఉచ్చులుగా పడతాయి. సూదికి పొడవాటి గాడి ఉన్న వైపు నుంచే దారం దూరాలి, తిరగేసి బిగిస్తే కుట్టు తప్పుతుంది. మొదటి మూడు కుట్ల వరకు పై దారం, బాబిన్ దారం రెండిటి కొసలూ వెనక్కి పట్టుకోండి, లేకపోతే మొదట్లోనే చిక్కు గూడు కడుతుంది. నూలుకు 14 నంబరు సూది, సన్న పట్టుకూ జార్జెట్‌కూ 11, జీన్స్‌కు 16. కుట్టు పొడవు రెండున్నర మిల్లీమీటర్లు చాలు.

ఎక్కువ మంది అడిగేది జాకెట్టు వదులు చేయడం. పక్క కుట్టు లోపల టైలర్లు పావు అంగుళం ఎడంతో రెండు మూడు గీతలు కుట్టి ఉంచుతారు. ఒంటికి దగ్గరగా ఉన్న గీత రెండు పక్కలా విప్పితే మొత్తం ఒక అంగుళం వస్తుంది: ముందు భాగం, వెనక భాగం, రెండు పక్కలు, నాలుగు పావులు. చంక దగ్గర ఆగిపోకుండా చేతి చివరిదాకా విప్పాలి, లేకపోతే చంకలో పట్టేస్తుంది. పట్టు జాకెట్టు మీద పాత కుట్టు కన్నాల గీత కనబడుతుందని కుట్టు విప్పకముందే చెప్పాలి.

ఫాల్ మార్చేవాళ్ళకు ఒక మాట: కొత్త ఫాల్‌ను ముందురోజు నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టి ఇస్త్రీ చేసి తెమ్మనండి. అలా చేయని ఫాల్ మొదటి ఉతుకులోనే ముడుచుకుని చీర అంచును అలలు అలలుగా చేస్తుంది. దాన్ని మిషన్ మీద కాకుండా చేత్తోనే కుట్టించండి.

జిప్పు మూసినా వెనక విడిపోతుంటే తప్పు పళ్ళది కాదు, రన్నర్ (పైకీ కిందికీ లాగే బిళ్ళ) నోరు వదులైంది. చిన్న పట్టకారుతో రన్నర్‌ను రెండు పక్కలా వెనకవైపు కొద్దిగా నొక్కి, లాగి చూసి, మళ్ళీ కొద్దిగా నొక్కండి. ఒకేసారి గట్టిగా నొక్కితే పగులుతుంది. బిగుసుకుపోయే జిప్పుకు కొవ్వొత్తి రుద్దితే చాలు.

పాత బట్టతో కొత్తది

ఒక గంటలో పూర్తయ్యేది సంచి. పాత లుంగీలో మధ్యభాగం పలచబడినా రెండు చివర్లూ గట్టిగా ఉంటాయి, రెండు సంచులు వస్తాయి. 16 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు ముక్కలు రెండు, చేతులకు 3 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల పొడవు పట్టీలు రెండు. బట్టల తిరగవైపులు లోపలికి వచ్చేలా కలిపి మూడు పక్కలా పావు అంగుళంలో కుట్టి, సంచిని లోపలికి తిరగేసి, మళ్ళీ అదే పక్కలను అర అంగుళంలోపు కుట్టండి. పోగులన్నీ లోపల బందీ అవుతాయి, బియ్యం పోసినా కుట్టు విడదు. పై అంచు అర అంగుళం, మళ్ళీ ఒక అంగుళం మడిచి కుట్టాలి. పట్టీని నాలుగు మడతలు చేస్తే ముప్పావు అంగుళం వెడల్పు చెయ్యి తయారు. దాన్ని అంచు మీద ఒక అంగుళం దాకా పరచి, చుట్టూ పెట్టెలా కుట్టి మధ్యలో ఇంటూ గుర్తు వేయండి. ఒక్క అడ్డగీతతో సరిపెట్టిన సంచి చెయ్యి మొదటి కొబ్బరికాయలకే ఊడుతుంది. సంచి 15 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల ఎత్తు దాకా వస్తుంది.

బొంత ఒక పూటలో తేలదు. అందుకే అందరిచేతా తలా ఒక ముక్క కుట్టించండి: 12 అంగుళాల చదరాలు, పాత నూలు చీర మూడు పొరలు. మధ్య నుంచి అంచులకు టాకా వేయాలి, అంచు నుంచి మొదలుపెడితే గాలిబుడగలా మధ్యలో బట్ట పేరుకుంటుంది. ముప్పావు అంగుళం ఎడంతో పరుగు కుట్టు వరసలు. 20 చదరాలు వస్తే ఐదు వరసలు నాలుగు నిలువులుగా కలిపి పసిపిల్లల బొంత చేయవచ్చు. పాలియెస్టర్ చీర కలపకండి, చెమట పీల్చదు, పక్కనున్న నూలును జారనిస్తుంది.

పట్టుచీర అంచు కోసి నూలు లంగాకో, కుర్తాకో వేసుకుంటామని అడుగుతారు. వేయవచ్చు, కాని నూలు బట్ట రెండుసార్లు తడిపి ఆరాకే. అంచు కోసేటప్పుడు కుట్టుకు అర అంగుళం బట్ట వదలండి. జరీ కోసిన చోట పోగు లేస్తుంది కాబట్టి వెంటనే మడిచి టాకా వేయాలి.

సర్దుకునేటప్పుడు

నూలు పీలికలు విడిగా ఒక సంచిలో, అవి తర్వాతి బొంతకు లోపలి పొర. పాలియెస్టర్ దారపు ముక్కలు మొక్కల ఎరువులో వేయకండి, కుళ్ళవు. ఎవరి కుట్టయినా ఊడితే తేవడానికి నెల తర్వాత ఒక గంట ఎక్కడ కలుస్తారో గుమ్మం మీద రాసిపెట్టండి. ఆ రోజు తిరిగొచ్చే బట్టలను చూస్తే ఏ బల్ల మీద ఏది సరిగా నేర్పలేదో తెలుస్తుంది. ఎక్కువగా వచ్చేవి మందపు గుడ్డ వేసిన మాసికలే.

సూదులు లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకోండి. 60 ఇచ్చి 58 వస్తే అయస్కాంతంతో నేలంతా తడమండి, కుర్చీ మెత్తలు దులపండి, దొరికేదాకా పిల్లలను హాల్లోకి చెప్పుల్లేకుండా రానివ్వకండి.